సాలూరు ఘాటీలో బ్రేక్ ఆయిల్, అమ్మ పసుపునీళ్ళు

మొన్న ఆదివారం సాలూరు ఘాటీలో మా ముగ్గురి ప్రాణాలూ ఒక పనసకాయ కాపాడింది. నవ్వండి, నవ్వండి. సోమవారం ఎందుకు సెలవు పెట్టావని స్టాఫ్ రూములో అందరూ అడుగుతున్నారు కదా, జ్వరమని చెప్పాను. జ్వరం కాదండీ, సిగ్గు. ఇప్పటికి కాస్త తగ్గింది కాబట్టి చెప్తున్నాను. టీ పోసుకుని కూర్చోండి. మధ్యలో మాత్రం ఎవరూ నాకు ఫిజిక్స్ గుర్తు చెయ్యకండి.

మా ఇంట్లో ఒక పికప్ బండి ఉందని మీకు తెలుసు. నేనూ మా బావ గౌరినాయుడూ కలిసి సెకండ్ హ్యాండులో కొన్నాం. గౌరినాయుడంటే మా అక్క మొగుడు, పక్క ఊరే. వారమంతా పొలం పనులకి ఆయన తిప్పుతాడు, ఆదివారం నేను తిప్పుతాను. మా ఇద్దరిలో ఫిజిక్స్ చదివినవాణ్ణి నేనే కాబట్టి రిపేర్ల విషయంలో ఆఖరి మాట నాది. అలాగని ఇంట్లో ఎవరూ తీర్మానం చెయ్యలేదు, నేనే అనుకున్నాను.

మా పిన్ని వాళ్ళు ఘాటీ పైన, ఒడిశాలో, పొట్టంగిలో ఉంటారు. వాళ్ళమ్మాయికి సీమంతం పెట్టుకున్నారు. చెల్లెలి ఇంట్లో సీమంతమంటే మా అమ్మ సారె పట్టుకెళ్ళాలి. మా వైపు సారె ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. చలిమిడి, అరిసెలు, కాజాలు, సున్నుండలు, అన్నీ వీధి వీధంతా పంచడానికి సరిపోవాలి. ఇత్తడి బిందెలు, గంగాళాలు, పళ్ళేలు, వాటికి తోడు అరటిగెలలు. కార్లో పట్టే వ్యవహారం కాదు, పికప్పే గతి.

మా బండికి సర్వీసు చేసేది సింహాచలం. సాలూరులో, ఘాటీ మొదట్లోనే అతని షెడ్డు. నెల కిందట బానెట్ ఎత్తి చూసి ఒక మాట చెప్పాడు.

"మాస్టారూ, బ్రేక్ ఆయిల్ నల్లగైపోనాది. ఘాటీ ఎక్కీముందు ఓపాలి బండి తెండి, మార్సీస్తాను."

ఆయిల్ కాదు సింహాచలం, ఫ్లూయిడ్ అనాలి అన్నాను. సరేనండి, అదే మార్చాలి అన్నాడు. దానికి సాలూరు దాకా రావడమెందుకు, ఇంటి దగ్గర నేనే మార్చుకుంటాను, అందులో ఏముంది అన్నాను. అతను చేతులు తుడుచుకుంటూ, గాలి మాత్రం బాగా తియ్యమన్నాడు.

నిజంగానే అందులో ఏముందండీ. పెడల్ తొక్కితే ఆ ఒత్తిడి గొట్టాల్లో ఉన్న ద్రవం గుండా నాలుగు చక్రాలకీ వెళ్తుంది. ద్రవాన్ని నొక్కలేం కాబట్టి బ్రేకు పడుతుంది. ఆ ద్రవంలో గాలిగానీ ఆవిరిగానీ చేరిందా, దాన్ని నొక్కొచ్చు కాబట్టి పెడల్ మెత్తగా దిగిపోతుంది, బ్రేకు పడదు. ఇంతే కథ. తొమ్మిదో తరగతి పిల్లాడు కూడా చెప్తాడు. నేనే కదా చెప్పేది వాళ్ళకి.

బొబ్బిలి వెళ్ళి స్పేర్ పార్టుల షాపులో బ్రేక్ ఫ్లూయిడ్ అడిగాను. షాపతను డాట్ త్రీయా, డాట్ ఫోరా అన్నాడు. మా బండిలో ఆ ఫ్లూయిడ్ పోసే డబ్బా మూత మీద డాట్ త్రీ అని రాసుంది, అది ముందే చూసుకుని వెళ్ళాను. ఘాటీ ఎక్కుతారు కదా, ఫోర్ అయితే వేడికి ఎక్కువ ఆగుతుంది, ఇందులో కలిసినా ఫరవాలేదు అని అతను చెప్పబోయాడు. చెప్పనిస్తేగా నేను. త్రీకీ ఫోర్‌కీ మరిగే ఉష్ణోగ్రతలో తేడా ఏమిటో, ఈ ద్రవం గాల్లో తేమని ఎలా పీల్చుకుంటుందో, పీల్చుకుంటే మరిగే ఉష్ణోగ్రత ఎలా పడిపోతుందో, కౌంటర్ మీద వేలితో బొమ్మ గీసి మరీ వివరించాను. వెనకాల ఇద్దరు ముగ్గురు వెయిట్ చేస్తున్నారు. వాళ్ళూ విన్నారు పాపం.

అంతా విని షాపతను లీటరు ఇమ్మంటారా అన్నాడు. వద్దు, చిన్న సీసా చాలు, ఇంట్లో పాతది సగం సీసా ఉంది అన్నాను. సీలు తీసినది దాచుకోకూడదండీ అన్నాడు. ఇందాక నేను చెప్పిన పాఠమే నాకు తిరిగి చెప్తున్నాడని చిన్నగా నవ్వుకుని వచ్చేశాను. ఆ నవ్వు ఇప్పుడు తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ పాత సీసా రెండేళ్ళనాటిది. అప్పట్లో ఏదో అవసరానికి కొని సగం వాడి, మిగతాది దొడ్లో స్నానాలకి వేణ్ణీళ్ళు కాచే నీళ్ళ కాగు పక్కన గూట్లో పెట్టాను. మూత ఎప్పుడో దొర్లిపోయింది. పాత లుంగీ పీలిక ఒకటి చుట్టి బిరడాలా దూర్చాను. పారబొయ్యబుద్ధి కాలేదు. మా ఇంట్లో ఏదీ పారబొయ్యం, అదో జబ్బు.

శనివారం పొద్దున్న పని మొదలుపెట్టాం. ముందు డబ్బాలో ఉన్న నల్లటి ద్రవాన్ని సిరంజితో లాగేశాను. తర్వాత పాత సీసా పోసి, ఒక్కో చక్రం దగ్గరా నిప్పల్ అనే చిన్న మర వదులు చేసి గాలి తియ్యాలి. దానికి ఇద్దరు కావాలి. నేను బండి కింద, బావ సీట్లో. నేను నొక్కమంటే పెడల్ నొక్కాలి, పట్టుకోమంటే అలాగే పట్టుకోవాలి, నేను నిప్పల్ బిగించాకే వదలాలి. ముందే వదిలితే గాలి లోపలికి పోతుంది. ఇది బావకి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ అర్థమైందన్నాడు. రెండో చక్రం దగ్గర ఉండగా ఎవరో ఫోన్ చేస్తే పెడల్ మీంచి కాలు తీసేసి, ఎరువు బస్తాల గురించి మాట్లాడుతూ బండి దిగి వీధిలోకి వెళ్ళిపోయాడు. మళ్ళీ మొదటికొచ్చాం.

ఇదిలా జరుగుతుండగా మా అమ్మ చెంబుతో పసుపునీళ్ళూ, నాలుగు మామిడాకులూ పట్టుకొచ్చింది. దానికో కారణముంది. కిందటి వారం మా వీధిలో ఒక పెద్దాయన పోతే, కాష్ఠానికి కట్టెలు మా బండిలోనే వెళ్ళాయి. కట్టెలు మోసిన బండిలో, శుద్ధి చెయ్యకుండా, కడుపుతో ఉన్న పిల్లకి సారె ఎలా ఎక్కిస్తామంటుంది అమ్మ. కాసేపు ఆగమ్మా, బానెట్ ఎత్తి ఉంది, సీసాలు తెరిచి ఉన్నాయి అందామనుకున్నాను. అనలేదు. నేనప్పుడు వెనక చక్రం కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను, నోట్లో స్పానర్ ఉంది. కాళ్ళ మీద చల్లగా చుక్కలు పడ్డాయి. పైన ఏవో గిన్నెలు గలగలలాడాయి. అమ్మ ఏదో గొణుక్కుంటూ బండి చుట్టూ తిరిగి లోపలికెళ్ళిపోయింది. రెండు చుక్కలు పడితే ఏమవుతుందిలే అనుకున్నాను.

పాత సీసా దాదాపు అంతా పట్టేసింది. అడుగున కాస్త మిగిలింది. ఆఖర్న లెవల్ కోసం కొత్త సీసాలోది కొంచెం పోశాను. రెండు సీసాలూ సీటు వెనక పడేశాను. వీధి చివరి దాకా ఒక రౌండు కొట్టి బ్రేకు తొక్కితే బండి టక్కున ఆగింది. చూశావా బావా, సింహాచలం దగ్గరికెళ్తే ఒక పూట పోయేది అన్నాను. బావ ఒప్పుకున్నాడు. అక్కడికి నా ఛాతీ కాస్త పెరిగింది.

ఆదివారం తెల్లారి బయల్దేరి ఘాటీ ఎక్కాం. ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముంది. హాయిగా వెళ్ళాం, సారె ఇచ్చాం, సీమంతం జరిగింది, భోజనాలయ్యాయి. ఇక మా పిన్ని వట్టి చేతులతో పంపే మనిషి కాదు. వాళ్ళ తోటలో పనసకాయలు ఒక ఇరవై దాకా, రెండు బస్తాల అల్లం, పసుపు దుంపలు ఇంకో బస్తా, ఎవరికీ అక్కర్లేని ఒక రుబ్బురోలు. అవును, రుబ్బురోలు. ఘాటీ కింద రోళ్ళు దొరకవన్నట్టు. అమ్మ ఒక్కటీ వద్దనలేదు. ఎక్కేటప్పుడు తేలిగ్గా ఉన్న బండి దిగేటప్పటికి వెనక్కి కుంగిపోయింది.

బావ వెనక లోడు మీద కూర్చుంటానన్నాడు. అల్లుడు వెనక కూర్చోవడమేమిటని అమ్మ నొచ్చుకుంది. గాలి బాగుంటుందత్తా అన్నాడు. గాలి కాదు, చుట్ట. అత్తగారి ముందు కాల్చడు కాబట్టి వెనక కూర్చుంటే ఘాటీ అంతా పొగ వదులుకుంటూ రావచ్చు. ఆ సంగతి నాకూ తెలుసు, అమ్మకీ తెలుసు. మేమిద్దరం తెలియనట్టు ముందు కూర్చున్నాం.

మధ్యాహ్నం మూడింటికి సుంకి ఊరు దాటాం. అక్కణ్ణించి అంతా దిగుడే. లోడుతో దిగేటప్పుడు సెకండ్ గేర్లో దిగాలని డ్రైవింగ్ వచ్చిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ అమ్మ, ఈ కొండల మీద పొద్దున్నే అంత మబ్బు ఎందుకు పడుతుందిరా అని అడిగింది. అడిగితే నేను ఊరుకుంటానా. సెకండ్ గేర్లో ఇంజిన్ అరుస్తుంది, నా మాట నాకే వినపడదు. అందుకని నాలుగో గేర్లోనే ఉంచి, బ్రేకు మీద కాలు ఆనించి, మేఘాల గురించి చెప్పుకుంటూ దిగుతున్నాను. మా ముందు నిండు లోడుతో ఒక లారీ నింపాదిగా పోతోంది. దాని వెనకాల తొక్కుతూ వదులుతూ, తొక్కుతూ వదులుతూ, ఒక ఏడెనిమిది మలుపులు తిరిగాం.

ఏదో కాలుతున్న వాసన వచ్చింది. అమ్మ ముక్కు ఎగబీల్చి, అల్లుడు కొత్తరకం చుట్టలేమైనా కాలుస్తున్నాడా అంది. నేను నవ్వాను. నిజంగా చుట్టే అనుకున్నాను. బ్రేకులు వేడెక్కిన వాసన నాకు తెలియక కాదు. నేను స్వయంగా ఫ్లూయిడ్ మార్చిన బండికి అలాంటిది జరగదని నా నమ్మకం.

తర్వాతి మలుపులో బ్రేకు తొక్కితే పెడల్ మామూలుకంటే లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత తొక్కితే ఇంకా లోపలికి. మూడోసారి చలిమిడి ముద్ద మీద కాలేసినట్టు మెత్తగా దిగిపోయి, అడుగున రేకుకి తగిలి ఆగింది. బండి మాత్రం ఆగలేదు.

పెడల్ని గబగబా పంపు కొట్టాను. కొంచెం అందింది, మళ్ళీ దిగిపోయింది. ముందు లారీ వెనక పలక మీద హారన్ కొట్టమని రాసిన అక్షరాలు పెద్దవవుతున్నాయి. ఎడమవైపు లోయ. పిట్టగోడ అక్కడక్కడ ఉంది, అక్కడక్కడ లేదు. హారన్ మీద చెయ్యేసి తియ్యలేదు. గేరు మూడుకి లాగాను, బండి ఒక్కసారి కొట్టుకుంది. వెనక పనసకాయలన్నీ దొర్లుకుంటూ వచ్చి క్యాబిన్‌కి దబదబా తగిలాయి. ఆ రుబ్బురోలు కూడా తగిలిందని తర్వాత సొట్ట చూశాక తెలిసింది.

బావ వెనక అద్దం మీద బాది అరుస్తున్నాడు. ఏమంటున్నాడో ముందు అర్థం కాలేదు.

"ఆర్పీసినానురా బావా, ఆర్పీసినాను, నెమ్మదిగా పోనీ."

చుట్ట వాసన వచ్చిందని కోపమొచ్చి నేను అలా నడుపుతున్నానని ఆయన అనుకున్నాడట. ఇప్పుడు మీరు నవ్వుతున్నారు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

అమ్మకి అర్థమైంది. ఒక చేత్తో డాష్‌బోర్డు పట్టుకుని, ఏటైనాదిరా అని అడిగింది. బ్రేకు లేదన్నాను. ఆ మాట బయటికి రాగానే, అదేమిటోగానీ, నా బుర్ర ముందున్న లారీని వదిలేసి, తప్పెవరిది అన్న విషయం పట్టుకుంది. నిప్పల్ బిగించింది నేనే. గాలి తీసింది నేనే. లెవల్ చూసింది నేనే. వేడికి పెడల్ ఇలా మెత్తబడిందంటే ద్రవంలో నీళ్ళు చేరి ఆవిరైనట్టే. మరి నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయి? శనివారం కాళ్ళ మీద పడ్డ చల్లటి చుక్కలు గుర్తొచ్చాయి.

"నీ పసుపునీళ్ళేనమ్మా," అని అరిచాను. "సీసాలు తెరిచి ఉన్నాయని కూడా చూసుకోకుండా చల్లేశావు. అందరం పోతాం ఇప్పుడు."

కన్నతల్లిని అలా అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత ముందుకి తిరిగి, చాలా మామూలు గొంతుతో అంది.

"అవున్నానా, తప్పు నాదే. నువ్వు ఎదర సూడు."

చూశాను. లారీ డ్రైవరు పుణ్యాత్ముడు, హారన్ ఆగకపోవడం చూసి బండిని కొండవైపుకి ఒదిగించాడు. రెండో గేరు వేశాను. ఇంజిన్ గోల పెట్టింది. లారీ పక్కనుంచి పోతుంటే దాని తాళ్ళు మా అద్దానికి రాసుకున్నాయి. ఎదురుగా మలుపు. మలుపులో కిందనుంచి వస్తున్న బస్సు. హ్యాండ్ బ్రేక్ ఒక్కసారిగా లాగితే బండి అడ్డం తిరుగుతుంది, అందుకని కొంచెం లాగడం, వదలడం, కొంచెం లాగడం. బస్సు డ్రైవరు నన్ను తిట్టిన తిట్టు స్పష్టంగా వినపడింది, అంత దగ్గరగా పోయాం. అమ్మ కళ్ళు మూసుకోలేదు, దేవుణ్ణి పిలవలేదు, నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. రోడ్డు చూస్తూ కూర్చుంది.

మలుపు తిరిగాక రోడ్డు పక్కన కాస్త వెడల్పు ఉంది. రోడ్డు పనికి పోసిన కంకర కుప్పలు కనపడ్డాయి. ఎడమ చక్రాలు రెండూ కంకరలోకి తోలాను. బండి ఊగి, మునిగి, కరకరలాడుతూ నెమ్మదించింది. ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదిలి హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగాను. ఇంజిన్ ఆగిపోయింది. అయినా లోడు బరువుకి బండి అంగుళం అంగుళం జరుగుతూనే ఉంది. కంకర దాటితే మళ్ళీ దిగుడు.

బావా, చక్రం కింద రాయి పెట్టు అని కేకేశాను. బావ దూకాడు. చుట్టూ కంకరే, పెద్ద రాయి ఒక్కటీ లేదు. రుబ్బురోలు ఉందిగానీ అది ఒక్కడు లేపేది కాదు. ఆయన ఆలోచించలేదు. చేతికందిన పనసకాయ లాగి ముందు చక్రం కింద పెట్టాడు. అది చితికిపోయింది. ఇంకోటి లాగి తోశాడు. ముదురు కాయ, మా పిన్ని పచ్చడికని ప్రత్యేకంగా ఏరి ఇచ్చినది. చక్రం దాని మీదికి సగం ఎక్కి, కూరుకుని, ఆగింది. బండి కదలడం మానేసింది.

బావ మోచేతుల దాకా పనసపాల జిగురుతో, తొనలు అంటుకున్న చొక్కాతో, రోడ్డు మీద చతికిలబడి, ఆర్పేసిన చుట్ట మళ్ళీ వెలిగించాడు. అత్తగారి ఎదురుగానే. అమ్మ పోయి కంకర కుప్ప మీద కూర్చుంది. తల వంచుకుని కొంగు అంచు మడతపెడుతోంది.

అది చూసి నా మనసు కరిగింది. తెలియక చేసింది, పెద్దది, ఆవిడకి బ్రేకులేమిటి, ఆవిరేమిటి అనుకున్నాను. ఫరవాలేదులేమ్మా, ఇకమీదట బానెట్ ఎత్తి ఉన్నప్పుడు మాత్రం చల్లకు అన్నాను. అంటే నేను పెద్దమనసుతో మా అమ్మని క్షమించేశానన్నమాట. బావ తల తిప్పుకున్నాడు. అమ్మ సరేనంది.

గంట పైన కూర్చున్నాం. చక్రాలు చల్లబడ్డాక పెడల్ మళ్ళీ గట్టిపడింది. వేడి తగ్గితే ఆవిరి తిరిగి నీరవుతుంది, అందుకే బ్రేకు వచ్చిందని బావకి వివరించాను. ఆయన పనసపాలు గీక్కుంటూ, ముందు బండి దింపరా బావా అన్నాడు. రెండు రాళ్ళు వెతికి బావ చేతికిచ్చి, ఆయన్ని బండి పక్కన నడిపిస్తూ, ఫస్ట్ గేర్లో మలుపు మలుపుకీ ఆగి చల్లారుస్తూ, దగ్గర దగ్గర రెండు గంటలు దిగాం. దారంతా అమ్మ మాట్లాడలేదు. చేసిన తప్పు తల్చుకుని కుమిలిపోతోందనుకున్నాను. నాకు జాలేసింది.

సింహాచలం షెడ్డు మూయబోతూ మమ్మల్ని చూసి ఆగాడు. జరిగింది చెప్పాను. చెప్పడంలో పసుపునీళ్ళ భాగం కాస్త నొక్కి చెప్పాను. అతను బానెట్ ఎత్తి, డబ్బాలోంచి సిరంజితో కాస్త తీసి, ఒక పాత గరిటెలో పోసి, టీ స్టవ్ మీద పట్టాడు. చిటపటలాడుతూ చిందింది. తాలింపులో నీళ్ళు పడితే ఎలా అరుస్తుందో అలాగ. చూశావా, నీళ్ళే అన్నాను నేను.

"నీళ్ళేనండి మాస్టారూ. ఏ సీసా పోసినారు?"

సీటు వెనకనుంచి రెండూ తెచ్చిచ్చాను. కొత్త సీసాలోది గరిటెలో పోసి కాచాడు. చప్పుడు లేదు, సన్నగా పొగ మాత్రం వచ్చింది. గరిటె తుడిచి, పాత సీసా అడుగున మిగిలినది పోశాడు. చిటపటా చిటపటా, స్టవ్ చుట్టూ చిందింది. అతను పాత సీసా ఎత్తి దీపానికి అడ్డం పెట్టి చూశాడు. టీ డికాషన్ రంగులో ఉంది. ఎన్నాళ్ళ కిందటిదని అడిగాడు. రెండేళ్ళన్నాను. మూతేదన్నాడు. లుంగీ పీలిక చూపించాను. ఎక్కడ పెట్టారన్నాడు. నీళ్ళ కాగు పక్కనన్నాను.

సింహాచలం మర్యాదస్తుడే. కానీ మూడింటినీ ఒకే గరిటెలో వరసగా కాచి తేడా చూపించడమంటే ఏమిటండీ, పిల్లలకి నేను ల్యాబులో చూపించే పద్ధతే కదా. మొత్తం ప్రయోగం నా మీదే చేశాడు.

అయినా నేను వదల్లేదు. మాస్టారి బుద్ధి. ఆ రోజు రెండు సీసాలూ తెరిచే ఉన్నాయి, అమ్మ చల్లిన నీళ్ళు పాతదాంట్లో పడి, కొత్తదాంట్లో పడకపోయి ఉండొచ్చు కదా అన్నాను. అప్పుడు స్టూలు మీద కూర్చున్న అమ్మ మొదటిసారి నోరు విప్పింది.

"ఒరే, నాను మూతలెట్టి సల్లినానురా. రెండు సీసాల మీదా గిన్నెలు బోర్లించినాను. ఆ డబ్బా మీద పళ్ళెం కప్పినాను. సల్లీసినాక తీసీసినాను. తెరిసున్న నూనె దగ్గర నీళ్ళు సల్లీదాన్నేటి నాను?"

గిన్నెల గలగల నేను బండి కింద విన్నదే.

మరి ఘాటీలో నేను అంత మాట అన్నప్పుడు తప్పు నాదే అన్నావెందుకమ్మా అని అడిగాను. మూతలు పెట్టాననే సంగతి అప్పుడే చెప్పొచ్చు కదా అన్నాను.

"నువ్వు వాదనకి దిగితే ఎదటి మనిసి మొకంలోకి సూసి మాటాడతావు నానా. కాదన్నానంటే నా దిక్కు తిరుగుతావు. అక్కడేమో మలుపున్నాది, బస్సొస్తన్నాది. తప్పు నా మీదేసుకుంటే నువ్వు రోడ్డు సూస్తావని ఒప్పీసుకున్నాను." కొంగు సర్దుకుని, స్టూలు నావైపు జరుపుకుంది. "ఇప్పుడు బండి ఆగీ ఉన్నాది కదా. ఇప్పుడు వాదించు, ఇంటాను."

ఏం వాదించను? ద్రవం తేమ పీలుస్తుందని షాపులో బొమ్మ గీసి చెప్పిన ఫిజిక్స్ మాస్టారిని నేను. సీసాకి మూత పెట్టడం మాత్రం మా సిలబస్‌లో లేదండీ.